ఏ మాట ఎక్కడ మాట్లాడాలి: నిఘా చట్టాల నడుమ వాట్సాప్, సిగ్నల్, టెలిగ్రామ్, మామూలు కాల్

2024 మార్చిలో హైదరాబాద్‌లో ఫోను ట్యాపింగ్ కేసు బయటపడినప్పటి నుంచి నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "ఇంతకీ ఏ యాప్‌లో మాట్లాడితే ఎవరూ వినరు?" అడిగినవాళ్లలో క్రిమినల్ కేసులు వాదించే ఒక వకీలు ఉన్నారు, ఒక జిల్లా విలేకరి ఉన్నారు, చీటీ పాటల లెక్కలన్నీ ఫోనులోనే నడిపే మా పిన్ని ఉంది. ముగ్గురికీ ఒకే సమాధానం చెబితే ఇద్దరికి అన్యాయం చేసినట్టే. వకీలుకు భయం కక్షిదారు చెప్పిన మాట ఎక్కడో రికార్డవుతుందని. విలేకరికి భయం మాట బయటికి పొక్కడం కన్నా, ఆ మాట ఎవరు చెప్పారో తెలిసిపోవడం. పిన్నికి పోలీసులంటే భయమేమీ లేదు. ఆమె భయమంతా ఫోను తీసి చూసే మనవడే.

యాప్ పేరు తరవాతి సంగతి. ముందు తేల్చుకోవాల్సింది మన మాట ఎవరి దగ్గర, ఏ రూపంలో నిలవ ఉంటోందన్నది. చట్టం వెళ్లి అడిగేది వాళ్లనే. వాళ్ల దగ్గర లేనిదాన్ని ఏ ఉత్తర్వూ రప్పించలేదు.

చట్టం చెయ్యి ఎంత దూరం చేరుతుంది

ఫోను వినే అధికారం మన ప్రభుత్వాలకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 5(2) సెక్షన్ నుంచి వచ్చింది. ప్రజా అత్యవసర పరిస్థితి గానీ, ప్రజా భద్రతకు ముప్పు గానీ ఉండాలన్నది షరతు. ఆ షరతును ఎవరికి తోచినట్టు వాళ్లు సాగదీస్తున్నారని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళితే, 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. హోం కార్యదర్శి స్థాయి అధికారి సంతకం ఉండాలని, పైన ఒక సమీక్షా కమిటీ ఉండాలని కోర్టు చెప్పింది. 2007లో అదే టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419ఏ నిబంధన అయింది. ఒక ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగించుకుంటూ పోయినా మొత్తం 180 రోజులు దాటకూడదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, దాని కింద 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నిబంధనలు ఈ చట్రాన్ని దాదాపు అలాగే ఉంచాయి.

గమనించండి, ఈ వరుసలో ఎక్కడా న్యాయమూర్తి లేరు. అడిగేది ప్రభుత్వ విభాగం, అనుమతించేది ప్రభుత్వ కార్యదర్శి, సమీక్షించేది మరికొందరు కార్యదర్శులు. కేంద్రం నుంచే నెలకు సగటున 7,500 నుంచి 9,000 దాకా ట్యాపింగ్ ఉత్తర్వులు వెళుతున్నాయని పదేళ్ల కిందట ఒక సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు వచ్చింది. రెండు నెలలకోసారి కూర్చునే కమిటీ ముందు ఆ లెక్కన పదిహేను వేలకు తక్కువ కాకుండా ఉత్తర్వులు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్క నిమిషం కేటాయించినా ఆ సమావేశం పది రోజులు రాత్రింబవళ్లు సాగాలి. మొదట చెప్పిన హైదరాబాద్ కేసులో తెలంగాణ పోలీసుల స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో మీద వచ్చిన ఆరోపణలు కోర్టులో తేలాల్సి ఉంది కాబట్టి వాటి జోలికి పోను. కాపలా ఎంత పలచగా ఉందో ఈ లెక్కే చెబుతోంది.

రెండో దారి ఐటీ చట్టంలోని 69వ సెక్షన్. కంప్యూటర్లో, ఫోనులో, సర్వర్‌లో ఉన్న ఏ సమాచారాన్నయినా చూడవచ్చు, తాళం విప్పి ఇమ్మని అడగవచ్చు. కాదన్నవారికి ఏడేళ్ల దాకా జైలు. 2018 డిసెంబరు 20న కేంద్రం ఈ పనికి పది సంస్థలను నోటిఫై చేసింది. ఇంటెలిజెన్స్ బ్యూరో నుంచి ఆదాయపు పన్నుల బోర్డు దాకా ఆ జాబితాలో ఉన్నాయి.

మూడోది 2021 ఐటీ నిబంధనలు. 50 లక్షల మందికి మించి వాడే మెసేజింగ్ సంస్థలు, అడిగినప్పుడు ఒక సందేశాన్ని దేశంలో మొట్టమొదట ఎవరు పంపారో చెప్పాలి. అది చెప్పాలంటే ఎన్‌క్రిప్షన్‌ను, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేకుండా మాటకు వేసే తాళాన్ని, బలహీనపరచక తప్పదని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ న్యాయవాది, ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టమంటే వాట్సాప్ దేశం వదిలి వెళ్లిపోతుందని కోర్టులోనే చెప్పారు.

ఇవన్నీ చదివి ఎన్‌క్రిప్షన్ వాడటమే నేరమేమో అనుకోకండి. పౌరులు దాన్ని వాడకూడదనే చట్టం మన దేశంలో లేదు. 2015 సెప్టెంబరులో ఒక ముసాయిదా విధానం మాత్రం వచ్చింది. పంపిన సందేశాల సాదా ప్రతిని 90 రోజులు దాచి ఉంచాలన్నది అందులో ఒక అంశం. జనం నవ్వారు, తిట్టారు, రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. రెండేళ్లకు, 2017 ఆగస్టు 24న, తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ప్రతి మార్గాన్నీ నేను నాలుగు ప్రశ్నలతో తూకం వేస్తాను. మాటను మధ్యలో ఎవరైనా చదవగలరా? ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడామన్న పద్దు ఎవరి దగ్గరుంది? పాత చాట్ల నకలు ఎక్కడ పడి ఉంది? ఫోనే వేరొకరి చేతికి చిక్కితే ఏం మిగులుతుంది? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. మిగతా మూడింటి దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు.

అవతలివాళ్లు ఆ యాప్ వాడతారా అన్నది ఐదో ప్రశ్న. ఎంత గట్టి తాళమైనా ఇద్దరి దగ్గరా ఉంటేనే పని చేస్తుంది.

| మార్గం | మాట మధ్యలో ఎవరికి తెలుస్తుంది | ఎవరితో, ఎప్పుడు అన్న పద్దు | పాత చాట్ల నకలు |
|---|---|---|---|
| మామూలు కాల్, ఎస్సెమ్మెస్ | టెలికం సంస్థకు, ఉత్తర్వు ఉంటే ప్రభుత్వానికి | కనీసం రెండేళ్లు నిలవ | ఎస్సెమ్మెస్‌లు ఫోనులో |
| వాట్సాప్ | ఎవరికీ తెలియదు | సంస్థ దగ్గర చాలానే | గూగుల్ లేదా ఆపిల్ క్లౌడ్‌లో, మీరు తాళం వేస్తేనే భద్రం |
| సిగ్నల్ | ఎవరికీ తెలియదు | దాదాపు లేదు | ఫోనులోనే, మీరు కోరితేనే బయట |
| టెలిగ్రామ్ మామూలు చాట్ | సంస్థకు తెలియగలదు | సంస్థ దగ్గర | సంస్థ సర్వర్లలోనే |
| టెలిగ్రామ్ సీక్రెట్ చాట్ | ఎవరికీ తెలియదు | సంస్థ దగ్గర | ఫోనులో మాత్రమే |
| ఐమెసేజ్ | ఎవరికీ తెలియదు | సంస్థ దగ్గర కొంత | ఐక్లౌడ్‌లో, అదనపు రక్షణ పెట్టకపోతే ఆపిల్ తెరవగలదు |
| మామూలు మెయిల్ | మెయిల్ సంస్థకు | సంస్థ దగ్గర | సంస్థ దగ్గర |

మామూలు కాల్, ఎస్సెమ్మెస్

ట్యాపింగ్ అన్న మాట పుట్టిందే దీని కోసం. వినే ఏర్పాటు కల్పించడం టెలికం సంస్థల లైసెన్సు షరతుల్లోనే ఉంది. ఎవరు ఎవరికి, ఏ టవర్ కింద నుంచి, ఎంతసేపు కాల్ చేశారన్న పద్దును 2021 డిసెంబరు సవరణ తరవాత కనీసం రెండేళ్లు దాచాలి. ఆ పద్దే చాలా చెబుతుంది. ఒక అధికారి రాత్రి పదకొండుకు విలేకరికి నాలుగు నిమిషాలు ఫోను చేసి, మర్నాడు పొద్దున ఆ శాఖ వార్త మొదటి పేజీలో వస్తే, ఏం మాట్లాడుకున్నారో వినాల్సిన అవసరం ఎవరికుంది?

బ్యాంకు ఓటీపీకి, గ్యాస్ బండ బుకింగ్‌కు, పెళ్లి పిలుపులకు ఇది చాలు. అంతకు మించినదేదీ ఇందులో మాట్లాడకండి.

వాట్సాప్

2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో ప్రతి సందేశం, ప్రతి కాల్ పూర్తి ఎన్‌క్రిప్షన్‌తోనే పోతోంది. తాళం రకం సిగ్నల్‌ది, అరువు తెచ్చుకున్నది. మాట వరకు చూస్తే మధ్యలో చదివేవారు లేరు, వాట్సాప్ యజమాని మెటా సంస్థ కూడా చదవలేదు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు.

తెలియనిది బ్యాకప్ సంగతి. రాత్రి రెండు గంటలకు మీ ఫోను దానంతటదే చాట్లన్నిటినీ గూగుల్ ఖాతాకో ఐక్లౌడ్‌కో ఎక్కిస్తుంది. ముందు తలుపుకు అలీగఢ్ తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు, ఆ నకలుకు మీ తాళం ఉండదు. ఆ తాళం వేసుకునే వీలు 2021 అక్టోబరులోనే వచ్చింది. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అక్కడ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ అని ఉంటుంది. పాస్‌వర్డ్ అయినా పెట్టుకోవచ్చు, 64 అంకెల తాళంచెవి అయినా తీసుకోవచ్చు. అది పోగొట్టుకుంటే బ్యాకప్ పోయినట్టే, వాట్సాప్ వాళ్లు కూడా తెరిచి ఇవ్వలేరు. నాకు తెలిసినవాళ్లలో ఇది పెట్టుకున్నవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మీరు తాళం వేసినా అవతలివాళ్లు వేయకపోతే మీ మాటలు వాళ్ల బ్యాకప్‌లో పడి ఉంటాయి. అందుకే నేను మాయమయ్యే సందేశాల సదుపాయాన్ని కూడా జత చేస్తాను: 24 గంటలు, ఏడు రోజులు, 90 రోజులు అని మూడు గడువులు. దాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండలేం, స్క్రీన్ ఫొటో తీసేవాళ్లను ఏ యాప్ ఆపగలదు? అయినా మూడేళ్ల కిందటి చాట్ కొండలా పేరుకుని ఉండటం కన్నా నయం.

వాట్సాప్‌తో నా పేచీ పద్దు దగ్గర. మీ నంబరు, మీ పరిచయాలు, మీరున్న గ్రూపులు, ఏ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మీ ఫోను జాడ చెప్పే అంకెలు) నుంచి వచ్చారన్న వివరాలు సంస్థకు తెలుస్తాయి. చట్టబద్ధంగా అడిగితే ఇస్తుంది కూడా. మాట దాచాలనుకునేవారికి వాట్సాప్ సరిపోతుంది. ఎవరితో మాట్లాడామన్నదే దాచాలనుకునేవారికి సరిపోదు.

సిగ్నల్

2016లో అమెరికాలోని వర్జీనియాలో ఒక గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) సిగ్నల్‌కు సమన్లు పంపి రెండు ఫోను నంబర్ల వివరాలు అడిగింది. వాటిలో ఒక్కదానికే సిగ్నల్ ఖాతా ఉంది. సిగ్నల్ దగ్గర ఉన్నవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి సర్వర్‌కు ఎప్పుడు కలిశారు. ఆ రెండూ ఇచ్చింది. పరిచయాలు, గ్రూపులు, ఎవరెవరికి రాశారన్నది ఏదీ లేదు. దాచుకోలేదు కాబట్టి ఇవ్వలేదు. వంద ప్రకటనల కన్నా ఆ ఒక్క జవాబునే నేను నమ్ముతాను.

లాభాపేక్ష లేని ఫౌండేషన్ దీన్ని నడుపుతోంది. 2024 ఫిబ్రవరి నుంచి యూజర్‌నేమ్ పెట్టుకుని మీ నంబరు అవతలివారికి కనబడకుండా చేసుకోవచ్చు. ఖాతా తెరవడానికి మాత్రం నంబరు కావాలి, మన దగ్గర నంబరంటే గుర్తింపు పత్రం చూపించి కొన్న సిమ్ము. 2025 నవంబరులో టెలికం శాఖ, మెసేజింగ్ యాప్‌లు ఫోనులోని సిమ్ముకు ముడిపడే ఉండాలని ఆదేశించింది. వాట్సాప్, టెలిగ్రామ్‌లతో పాటు సిగ్నల్ పేరు కూడా అందులో ఉంది. మోసగాళ్లను పట్టడానికని చెప్పారు. కాబట్టి సిగ్నల్ వాడితే మీరెవరో ఎవరికీ తెలియదన్న భ్రమ వద్దు. మీరు సిగ్నల్ వాడుతున్నారని తెలియవచ్చు, అందులో ఎవరితో ఏం మాట్లాడారన్నది మాత్రం సంస్థ చెప్పలేదు.

చిక్కు ఒకటే, జనం తక్కువ. మన గ్రూపులన్నీ వాట్సాప్‌లో, ఊరి వార్తలన్నీ వాట్సాప్‌లో. నలుగురితో మాత్రమే మాట్లాడాల్సిన విషయాలున్నవారు ఆ నలుగురి చేత పెట్టిస్తే చాలు, ఊరందరినీ కదిలించనక్కరలేదు. ఇంకా గట్టి ఏర్పాట్లు కావాలని థ్రీమా, బ్రయార్, ఎలిమెంట్ లాంటివాటి వైపు చూసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2023 మేలో కేంద్రం జమ్మూ కాశ్మీర్ ఉగ్రవాదాన్ని కారణంగా చూపి 14 యాప్‌లను నిషేధిస్తే, ఈ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. సిగ్నల్ లేదు.

టెలిగ్రామ్

టెలిగ్రామ్ గోప్యతకు పెట్టింది పేరని మనవాళ్లలో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. కొత్త సినిమా విడుదలైన రాత్రే అందులో దొరుకుతుంది కాబట్టి, ఎవరికీ దొరకని చోటని అనుకుంటారేమో. అది పొరపాటు. అందులో మామూలు చాట్లు, గ్రూపులు, ఛానళ్లు ఏవీ పూర్తి ఎన్‌క్రిప్షన్‌లో లేవు. అవి సంస్థ సర్వర్లలో, సంస్థ దగ్గరున్న తాళంతోనే ఉంటాయి. సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తేనే, అదీ ఇద్దరి మధ్యనే, అసలైన తాళం పడుతుంది. గ్రూపులకు ఆ వీలే లేదు.

2022లో ఢిల్లీ హైకోర్టు ఒక కాపీరైట్ కేసులో ఆదేశిస్తే, కోచింగ్ పాఠాలను దొంగచాటుగా పంచిన ఛానళ్ల నిర్వాహకుల పేర్లు, ఫోను నంబర్లు, ఐపీ చిరునామాలు టెలిగ్రామ్ కోర్టుకు అప్పగించింది. 2024 ఆగస్టులో వ్యవస్థాపకుడు పావెల్ దురోవ్‌ను ఫ్రాన్స్‌లో అరెస్టు చేశారు. మరుసటి నెలలోనే, నిబంధనలు ఉల్లంఘించినవారి నంబర్లు, ఐపీ చిరునామాలు చట్టబద్ధంగా అడిగితే ఇస్తామని సంస్థ విధానం మార్చుకుంది. ఉద్యోగ నోటిఫికేషన్లకు, పోటీ పరీక్షల మెటీరియల్‌కు టెలిగ్రామ్ బాగుంటుంది. రహస్యానికి నేను దాన్ని సిఫారసు చేయను.

ఐమెసేజ్, అరట్టై, మెయిల్

ఐఫోన్ల మధ్య నీలం బుడగల్లో వెళ్లే ఐమెసేజ్ పూర్తి ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటుంది. బ్యాకప్ చిక్కు ఇక్కడా ఉంది. ఐక్లౌడ్ నకలుకు కూడా మీ తాళమే వేసే అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ పెట్టుకుంటే తీరుతుంది. బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలకు ఆ వీలు లేకుండా పోయింది. అక్కడి 2016 ఇన్వెస్టిగేటరీ పవర్స్ చట్టం ఒత్తిడి నడుమ, 2025 ఫిబ్రవరిలో ఆపిల్ ఆ సదుపాయాన్ని బ్రిటన్‌లో కొత్తవారికి ఆపేసింది. లండన్‌లో ఉన్నవారితో మాట్లాడేటప్పుడు మీ ఫోను ఒక్కటే భద్రంగా ఉంటే చాలదు.

మన దేశపు జోహో సంస్థ మెసేజింగ్ యాప్ అరట్టైకి 2025లో ఒక్కసారిగా జనం ఎగబడ్డారు. అప్పటికి అందులో కాల్స్‌కే పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉంది, సందేశాలకు లేదు. స్వదేశీ అన్న అభిమానం మంచిదే. సంస్థ మన దేశంలోనే ఉంటే 69వ సెక్షన్ ఉత్తర్వు ఇంకా దగ్గరి దారిలో చేరుతుందని కూడా లెక్కలోకి తీసుకోండి. వాడేవారు చాట్‌లో ఎన్‌క్రిప్షన్ గుర్తు ఉందో లేదో ముందు చూసుకోవాలి.

జీమెయిల్ లాంటి మెయిల్‌ను సంస్థ చదవగలదు. పైగా అమెరికా విదేశీ నిఘా చట్టం ఫిసాలోని 702 సెక్షన్ గురిపెట్టేది అమెరికా బయట ఉన్న విదేశీయులనే. గుంటూరులో కూర్చున్న మనకు అమెరికా రాజ్యాంగం అక్కరకు రాదు. ప్రోటాన్ మెయిల్ మేలు, అదీ రెండు వైపులా ప్రోటాన్ ఉంటేనే. 2021లో స్విస్ అధికారుల ఉత్తర్వు మీద అది కూడా ఒక ఫ్రెంచ్ ఉద్యమకారుడి ఐపీ చిరునామా ఇవ్వాల్సి వచ్చింది. మాట ఇవ్వలేదు, పద్దు ఇచ్చింది.

వీపీఎన్ గురించి అడిగేవారికి: అది మీ సందేశాలకు తాళం కాదు, దారి మళ్లింపు మాత్రమే. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్, వాడకందార్ల వివరాలు ఐదేళ్లు దాచాలని ఆదేశిస్తే పేరున్న సంస్థలు ఇక్కడి సర్వర్లు ఎత్తేసుకున్నాయి. ఉచిత వీపీఎన్ పెట్టుకోవడం కన్నా ఏమీ పెట్టుకోకపోవడం మేలు.

ఫోనే చిక్కితే

2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, కుర్రవాళ్ల ఫోనుల్లో వాట్సాప్ తెరిపించి గంజాయి మాట కోసం వెతుకుతున్న వీడియో దేశమంతా తిరిగింది. అక్కడ ఏ ఎన్‌క్రిప్షనూ పనికిరాలేదు, తాళం తీసింది ఫోను యజమానే. ఖరీదైన దారి ఇంకొకటి ఉంది. 2019లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌తో ప్రపంచమంతటా దాదాపు 1,400 ఫోనులపై దాడి జరిగిందని వాట్సాప్ కోర్టుకు చెప్పింది. మన దేశంలోని విలేకరులు, హక్కుల కార్యకర్తలు కూడా వాటిలో ఉన్నారు. ఫోనులోనే దూరినవాడికి యాప్ పేరుతో పని లేదు, మీకు కనబడేదంతా వాడికీ కనబడుతుంది.

ఇక్కడ చేయగలిగినవి చిన్న పనులే. నాలుగంకెలు కాకుండా పొడవాటి పాస్‌కోడ్ పెట్టడం. ఇబ్బంది ఎదురవుతుందనుకున్న చోటికి వెళ్లేముందు వేలిముద్ర తీసేయడం. ఫోను అప్‌డేట్లు వాయిదా వేయకపోవడం. గురి మీదే ఉందని అనుమానం ఉంటే ఐఫోన్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ దూరే దారులను మూసే లాక్‌డౌన్ మోడ్ పెట్టడం. పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అన్న ప్రశ్నపై కోర్టులు ఒకే మాట మీద లేవు. ఆ పరిస్థితి వస్తే అక్కడికక్కడ వాదించకుండా వకీలును పిలవండి.

ఎవరికి ఏది

వకీలుకు సిగ్నల్ చెప్పాను, కక్షిదారుల చేత కూడా పెట్టించమన్నాను. జైలు నుంచి వచ్చే కాల్స్ ఎలాగూ మామూలు లైనే, అక్కడ కేసు మాట ఎత్తవద్దని కూడా.

విలేకరికి సిగ్నల్ ఒక్కటే చాలదు. తొలి పరిచయమే మామూలు కాల్‌లో జరిగితే పద్దు అక్కడే రాసేసుకుంటుంది. ఆ తరవాత ఏ యాప్‌కు మారినా ఒకటే. సమాచారం ఇచ్చేవారి చేత ముందే యూజర్‌నేమ్‌తో రప్పించుకోవాలి, మాయమయ్యే గడువు ఒక రోజుకు మించకూడదు. ఎక్కువ ప్రమాదం ఉన్నచోట ఫోను ఇంట్లో వదిలేసి టీకొట్టు దగ్గర కలవడమే ఇప్పటికీ మేలైన పద్ధతి.

ఉద్యోగ సంఘాలు, ఉద్యమ గ్రూపులు వాట్సాప్‌ను వదలలేవు. రెండు వందల మంది గ్రూపులో ఎన్‌క్రిప్షన్ గురించి బెంగపడటం అనవసరం, రెండు వందల మందిలో ఎవరో ఒకరు చూపిస్తారు. ప్రకటనలకు అది చాలు, నిర్ణయాలు తీసుకునే ఐదారుగురు సిగ్నల్‌కు మారండి.

మిగిలిన మనందరికీ వాట్సాప్ సరిపోతుంది, బ్యాకప్‌కు తాళం వేస్తే. పిన్నికి అదే చెప్పాను. చాట్ లాక్ ఎలా పెట్టాలో, బ్యాకప్ పాస్‌వర్డ్ ఎలా పెట్టాలో కాగితం మీద వరుసగా రాసిచ్చాను. వారం తరవాత ఫోను చేసి అడిగితే, అన్నీ పెట్టానంది. అక్షరాలు చిన్నగా ఉండి కనబడకపోతే మనవడి చేత పెట్టించిందట, పాస్‌వర్డ్ వాడి దగ్గరే ఉందట.